కారు పడుకునే చోటు

ఇన్సూరెన్స్ అనేది స్టెప్నీ టైరులాగా కారుతోపాటే వచ్చేస్తుందని కత్తెరమ్మ అనుకుంది. పక్క రాష్ట్రంలో ఆమెకు కారు అమ్మిన పెద్దాయన, "ఇన్సూరెన్సా? అదెంతమ్మా, నాకు ఏడాదికి రెండు జతల చెప్పుల ఖర్చు" అని నవ్వేశాడు. ఈవిడ ఆ మాట పట్టుకుని లెక్కలన్నీ వేసేసుకుంది. ఆయన అబద్ధం ఆడలేదు పాపం. కాకపోతే ఆయన ఉండేది పిట్ట వాలినా వినబడే ఊళ్లో. ఈవిడ ఉండేది సినిమా హాలు వెనక సందులో. రెండు వైపులా అద్దాలు మిగిలిన బండి కనబడితే ఆ సందులో జనం ఆగి మరీ చూస్తారు.

"మేం కారును చూసి ఊరుకోమండీ, అది రాత్రిపూట ఎక్కడ పడుకుంటుందో కూడా చూస్తాం" అంది ఇన్సూరెన్స్ ఏజెంటు. బొద్దుగా, నవ్వుమొహంతో ఉంటుంది ఆవిడ. "రాష్ట్రం మారితే రేటు మారుతుంది. ఊరు మారితే మారుతుంది. ఆఖరికి వీధి మారినా మారుతుంది. మీ సందు సంగతి మా కంపెనీకి బాగా తెలుసు లెండి."

ఆ తర్వాత ఆవిడ చెప్పిన అంకెను కత్తెరమ్మ రెండుసార్లు అడిగి మరీ రాయించుకుంది.

కత్తెరమ్మ అన్నది కస్టమర్లు ముద్దుగా పెట్టిన పేరు. మంచం దిగలేని పెద్దవాళ్లకు, పసిబిడ్డను వదిలి కదల్లేని తల్లులకు ఇంటికే వెళ్లి జుట్టు కత్తిరించడం ఆమె పని. బేసిన్లూ తువ్వాళ్లూ మోసుకుని బస్సులెక్కలేక, ఉన్న డబ్బంతా ఊడ్చి కారు కొంది. ఆ ధైర్యంతోనే సెలూన్ ఉద్యోగానికి దణ్ణం పెట్టేసింది. ఇప్పుడీ రేటు కట్టలేకపోతే కారు అమ్ముకుని, మళ్లీ ఆ సెలూన్ యజమాని ముందే చేతులు కట్టుకుని నిలబడాలి.

కళ్లజోళ్ల షాపులో పనిచేసే ఆమె భర్త ఉపాయం చెప్పాడు. "మా అమ్మావాళ్ల అడ్రసు రాయించేద్దాం. ఊరి చివర, గేటున్న ఇల్లు. రేటు సగానికి సగం తగ్గుతుంది. ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడరు. యాక్సిడెంటు అయిన రోజున మాత్రం తప్పకుండా చూస్తారు" అంది ఏజెంటు, ఆ సంగతి ఫోనులో అడిగితే. "అప్పుడు చిల్లిగవ్వ రాదు. నిజంగానే కారు రోజూ అక్కడ పడుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు."

అంటే కత్తెరమ్మ వెళ్లి అత్తగారిని అడగాలి. అత్తగారు బస్సు డిపోలో టైమ్ కీపర్‌గా చేసి రిటైరైన మనిషి. కోడలు సెలూన్ మానేసిందని విన్న రోజున, "డిగ్రీ చదివి ఇంటింటికీ తిరిగి జుట్టు కత్తిరిస్తావా? దానికి కారు కూడానా?" అని అందరి ముందూ అనేసింది. ఆ మాటకు కత్తెరమ్మ మనసు విరిగిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు తొక్కక తప్పలేదు. అభిమానాన్ని దిగమింగుకుని వెళ్లి అడిగింది. మామగారు పేపరు వెనక నుంచి తల కూడా ఎత్తలేదు. ఆ ఇంట్లో మాటకారి ఆయన కాదు.

"పెట్టుకో" అంది అత్తగారు. "కానీ ఇదేం సత్రం కాదు. సాయంత్రం ఏడింటికల్లా బండి లోపలికి రావాలి. పొద్దున ఎన్నింటికి తీస్తావో ముందురోజే చెప్పాలి."

ఆవిడ డిపోను వదిలినా డిపో ఆవిడను వదల్లేదు మరి.

అలా మొదలైంది. కత్తెరమ్మ పొద్దున్నే బస్సెక్కి అత్తగారింటికి రావడం, కారు తీసుకెళ్లడం, సాయంత్రం తెచ్చి అప్పజెప్పడం, మళ్లీ బస్సెక్కడం. మొదట్లో అత్తగారు గేటు దగ్గర నిలబడి "లేటు" అనేది, అంతే. తర్వాత కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"వెనక చక్రంలో గాలి తగ్గింది. చూసుకోవద్దూ? మా డిపోలో అయితే మెమో ఇచ్చేదాన్ని."

ఇంకోరోజు పొద్దున వచ్చేసరికి ముందద్దం తళతళలాడుతోంది. ఎవరు తుడిచారని అడిగితే, "మొక్కలకి నీళ్లు పోస్తుంటే పడ్డాయిలే" అని అటు తిరిగింది.

ఒక సాయంత్రం అత్తగారు ఉండబట్టలేక అడిగేసింది. "ఇంతకీ ఇవాళ ఎవరింటికి వెళ్లావేమిటి?"

కత్తెరమ్మ చెప్పింది. మంచాన పడిన బ్యాండు మేళం మాస్టరు, జుట్టు కత్తిరించాక అద్దం వదిలిపెట్టలేదు. "ఎలా ఉన్నానే?" అని భార్యను నాలుగుసార్లు అడిగాడు. ఆ ముసలావిడ కొత్త పెళ్లికూతురులా సిగ్గుపడి వంటింట్లోకి పారిపోయింది. అత్తగారు పొలమారేదాకా నవ్వింది. పేపరు వెనక మామగారూ నవ్వారు.

అప్పట్నుంచి రోజూ ఒక కప్పు టీ, ఒక ఇంటి కథ. బస్సులు తప్పిపోతున్నాయి. "కారుతోపాటు నువ్వూ అక్కడే పడుకుంటావా ఏం?" అని భర్త ఫోనులో దెప్పేవాడు. అన్ని కబుర్లు వింటున్నా, కోడలి పని గురించి మాత్రం అత్తగారు ఒక్క మంచిమాట అనలేదు. కత్తెరమ్మా అడగలేదు. అడగలేదు గానీ, ఆ ఒక్క మాట కోసం రోజూ చెవులు రిక్కించుకునే ఉండేది.

ఇలా ఉండగా ఏజెంటు ఫోన్ చేసింది. "మీ బిల్డింగుకి గేటూ కెమెరాలూ పెట్టించారట కదండీ! రేటు బాగా దిగింది. ఇక కారు మీ ఇంట్లోనే పడుకోవచ్చు."

ఎగిరి గంతెయ్యాల్సిన మాట. కత్తెరమ్మకు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. ఆ సాయంత్రం బిక్కమొహంతోనే సంగతి చెప్పింది.

"మంచిదేగా. బస్సుల్లో పడి తిరిగే బాధ తప్పింది" అంది అత్తగారు. ఆ వెంటనే లోపలికి వెళ్లిపోయింది. కత్తెరమ్మ తాళాలు పట్టుకుని వాకిట్లో అలాగే నిలబడింది. ఇంతేనా అనిపించి ఏడుపొచ్చింది.

కాసేపటికి అత్తగారు వంటింటి స్టూలు మోసుకొచ్చి లైటు కింద వేసింది. ముడి విప్పింది. భుజాల మీద తువ్వాలు కప్పుకుని, కోడలికి వీపు పెట్టి కూర్చుంది.

"భుజాల దాకా తీసెయ్. దువ్వుకోలేక చేతులు లాగేస్తున్నాయి."

"నిజంగానా అత్తయ్యా?"

"నెలకోసారి రావాలో పదిహేను రోజులకోసారి రావాలో నువ్వే చెప్పు. ఆ పని తెలిసినదానివి నువ్వు, నేను కాదు. అందరి దగ్గరా ఎంత తీసుకుంటావో నా దగ్గరా అంతే తీసుకోవాలి. అత్తనని తగ్గించావో, ఊరుకోను."

మామగారు పేపరు పక్కన పెట్టేసి, చూడ్డానికి కుర్చీ ముందుకు లాక్కున్నారు.

కత్తెరమ్మ దువ్వెన చేతిలోకి తీసుకుంది గానీ, జుట్టూ పాపిడీ అన్నీ అలుక్కుపోయి కనబడుతున్నాయి.

"ఒక్క నిమిషం అత్తయ్యా, కళ్లు మసకేస్తున్నాయి."

"తొందరేముంది" అంది అత్తగారు, వెనక్కి తిరగకుండానే. "తీరిగ్గా కానియ్యి."