సింగిల్ పరుపు

"మీరు కూడా పడుకోండి మేడమ్" అని రోజుకు ఎంతమందితో చెబుతానో నాకే తెలియదు. పరుపుల షాపులో సేల్స్ ఉద్యోగం నాది. భార్యాభర్తలు వస్తారు. ఆయన చెప్పులు విడిచి, షోకి పెట్టిన పరుపు మీద వాలిపోయి, పైకప్పు చూస్తూ "బాగుంది" అని తేల్చేస్తాడు. ఆవిడ మాత్రం అంచున కూర్చుని, అరచేత్తో రెండుసార్లు నొక్కి, "ఆయనకి నచ్చితే చాలండీ" అంటుంది. చేత్తో నొక్కితే ఏం తెలుస్తుంది? దాని మీద పడుకోవాల్సింది నడుము కదా. అందుకే నేను వదలను. చేతిలోని బ్యాగు అందుకుని మరీ పడుకోబెడతాను.

మొన్న అలా పడుకోబెట్టిన ఒకావిడ నిజంగానే నిద్రపోయింది. బిల్లు కౌంటర్ దగ్గర బేరమాడి వచ్చిన భర్త చూసి నవ్వాడు. "దీనికి ఎక్కడైనా నిద్రే. లేపండి" అన్నాడు. ఆవిడ నోరు కాస్త తెరుచుకుని ఉంది. కాళ్లు బార్లా చాపుకుంది. ఇంట్లో అలా పడుకుని ఉండదని పందెం కాస్తాను. "కాసేపు ఉండనివ్వండి సార్, పడుకుని చూస్తేనే తెలిసేది" అని, వెళ్లి ఆ వైపు లైటు తీసేశాను. ఆవిడను చూస్తే నాకు కలిగింది జాలి కాదు, ఈర్ష్య. ఒళ్లు మండేంత ఈర్ష్య.

మా మంచం సంగతి అలాంటిది మరి. పెళ్లినాటి పరుపు. మధ్యలో మా ఆయన కొలతలకు సరిగ్గా గుంట పడింది. నా వైపు పడుకుంటే అందులోకి జారతాను. జారితే "మీద పడకు, ఉక్కగా ఉంది" అంటాడు. అందుకని మంచం అంచు పట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నాను. అతని ఫోను వెలుగు నా కళ్లలో, అతని మోచెయ్యి నా పక్కటెముకల్లో. కాస్త కునుకు పట్టగానే "కొంచెం నీళ్లియ్యవూ". పొద్దున నడుం పట్టుకుని లేస్తే, "రోజంతా పరుపుల మధ్య ఉండేదానివి, నీకు నడుం నొప్పేంటి?" అని అత్తయ్యతో కలిసి నవ్వుతాడు. చాలాకాలం నేనూ వాళ్లతో పాటు నవ్వాను.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. నా బోనస్ వచ్చినప్పుడల్లా ఆదివారం భోజనాల దగ్గర చేతులెత్తి ఓటు వేస్తాం, ఏం కొనాలో. దాన్ని మా ఆయన ప్రజాస్వామ్యం అంటాడు. అతనూ అత్తయ్యా ఎప్పుడూ ఒకవైపే. మా అమ్మాయిని ఏదో ఆశపెట్టి లాక్కుంటారు. అలా వచ్చినవే గోడంత టీవీ, కారుకు తోలు సీట్లు, ఇప్పుడు తువ్వాళ్లు ఆరేసుకుంటున్న నడక మిషను. అవన్నీ అవసరాలు. పరుపు మారుద్దామని నేనంటే మాత్రం "ఇప్పుడా లగ్జరీలెందుకు?" నాకు లగ్జరీల మీద పగేం లేదు. రోజూ అమ్మేది అవే. కాకపోతే వచ్చిపోయేవాళ్లు చూడాలని కొనేది ఎంత చౌకగా వచ్చినా దండగే. ఒంటికి సుఖమిచ్చేదాని దగ్గర పిసినారితనం చెయ్యకూడదు. ఇంత మాత్రం తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఈసారి మా ఆయన ఫోన్లో వాలుగా పడుకునే సోఫా ఫోటో చూపించి చెయ్యెత్తాడు. అత్తయ్యా ఎత్తింది. అమ్మాయి నావైపు చూసింది.

"ఈసారి ఓట్లేం లేవు," అన్నాను. "పరుపు కొనేశాను. రేపు తెస్తారు."

మా ఆయన ఎత్తిన చెయ్యి దించాడు. వెంటనే తేరుకుని, "సరే, కొన్నావుగా. మరీ మెత్తగా ఉంటే నాకు పడదు, చూసే కొన్నావా?" అన్నాడు.

"మీకు కాదండీ. సింగిల్ పరుపు. ఇస్త్రీ బట్టల గది ఖాళీ చేసి అందులో వేయించుకుంటాను."

అత్తయ్య ముద్ద కంచంలో వదిలేసింది. "మొగుడూ పెళ్లాలకి వేరే పక్కలేంటమ్మా? పోట్లాడుకున్నారా ఏం?"

"పోట్లాటేం లేదత్తయ్యా. నాకు నిద్ర కావాలి."

ఆ మాట పైకి అనేశాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను. అడగాలంటే ఏదో పెద్ద కష్టమే ఉండాలనుకున్నాను ఇన్నాళ్లూ. నిద్ర కావాలన్న మాటే చాలని తోచలేదు.

మర్నాడు పొద్దున్నే పరుపు వచ్చింది. కిటికీ వైపు వేయించాను. "కవరు తియ్యకు, మాసిపోతుంది" అని అత్తయ్య అంటూనే ఉంది, కత్తెరతో కోసి తీసేశాను. సాయంత్రం షాపు నుంచి వంటింటి వైపు వెళ్లకుండా నేరుగా వచ్చి పడుకున్నాను. షాపులో అంతమందిని పడుకోబెట్టాను కానీ నేనెప్పుడూ నడుం వాల్చలేదు, స్టాఫ్ పడుకోకూడదని మా ఓనరు రూలు. చేతులు రెండువైపులా చాపాను. ఎవరికీ తగల్లేదు. కళ్లలో నీళ్లొచ్చాయి, సంతోషంతోనే.

మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేకపోయాడు పాపం. సొంత ఇంట్లో అలా ఆగాల్సి రావడం అతనికి కొత్త.

"సరదా తీరేదాకా పడుకో," అన్నాడు పెద్దమనసు చేసుకుని. "ఎన్నాళ్లు పడుకుంటావో నేనూ చూస్తాగా."

"పదేళ్లండీ," అన్నాను కళ్లు తెరవకుండానే. "దీని గ్యారంటీ అంతవరకే. తర్వాత ఇంకోటి కొనుక్కుంటాను. వెళ్లేటప్పుడు ఆ లైటు తీసేయండి."