రాసినవారి పేరు

“ఏమ్మే, సుమ్మానే కూర్చోనుండావు గదా, ఆ రాగులన్నా చెరిగి పెట్టరాదా?” అంది మా అత్త పుట్టమ్మ, ఆవుల కొట్టం వాకిట్లో నిలబడి.

సుమ్మా అంటే ఊరికే. తమిళనాడులో ఉన్నా, మహేంద్రమంగళంలో మా ఇళ్ళలో తరతరాలుగా తెలుగే మాట్లాడుకుంటాం. కాని ఈ తమిళ మాట ఎప్పుడో లోపలికి వచ్చి, ఏ కోడలికీ దొరకనంత చనువుతో ఇంట్లో స్థిరపడిపోయింది. పొద్దున అయిదుకు లేచి రెండావుల పాలు పిండి, పాల సొసైటీలో పోసి వచ్చి, పేడ తీసి, సంగటి కెలికి, కూతురు ప్రీతికి జడలు వేసి స్కూలు వ్యాను ఎక్కించి, మామకు వేణ్ణీళ్ళు పెట్టి, అంట్లు తోమి, పదిన్నరకు కంప్యూటర్ ముందు కూర్చుంటే అది సుమ్మా కూర్చోవడం. నేను చేసే పని అత్తకు కనబడదు. తెర మీద అక్షరాలు పరుగెడుతుంటాయి, నా చేతులు ఒళ్ళో ఉంటాయి. రాసిన కోడ్ అంతా కలిసి ఒక ప్రోగ్రాముగా తయారవడానికి ఆ పాత పెట్టెకు గంటన్నర పడుతుంది. ఈలోగా కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇదంతా ఆమెకు చెప్పేకంటే రాగులు చెరగడమే సులువు. చేట తెచ్చుకుని, తెర మీద ఒక కన్ను వేసి చెరిగాను.

కొట్టంలో కంప్యూటర్ ఏమిటంటే, మా ఇంటి మొత్తానికి మొబైల్ సిగ్నల్ కాస్తయినా తగిలేది ఆ కొట్టంలోనే, సరిగా తగిలేది దాని రేకుల కప్పు మీద ఒక్క మూలనే. మా ఆయనకు పాలక్కోడు బస్టాండు దగ్గర ఆరు కంప్యూటర్ల బ్రౌజింగ్ సెంటర్ ఉంది. టెలిఫోను లైను మీద వచ్చే ఇంటర్నెట్ వానకు ఒకసారి, రోడ్డు తవ్వినప్పుడు ఒకసారి తెగిపోతుంటే విసిగి, కిందటేడు, అంటే రెండువేల ఎనిమిదిలో, ఒక డాంగిల్ కొన్నాడు. వేలెడంత పరికరం. లోపల సిమ్ కార్డు వేసి గుచ్చితే ఒక కంప్యూటరుకు ఇంటర్నెట్ వస్తుంది. ఆరింటికీ పంచాలంటే మధ్యలో రౌటర్ ఉండాలి. ఎక్కడెక్కడి మనుషులో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా దిద్దండి అని వదిలిపెట్టిన చిన్న సిస్టం ఒకటి ఉంది. దాన్ని ఏ డొక్కు కంప్యూటర్లో వేసినా అది రౌటర్‌గా పనిచేస్తుంది. చిక్కల్లా దానికి టెలిఫోను లైను తెలుసు, డాంగిల్ తెలియదు.

“నువ్వు ఎంసీఏ చదివినావు గదా, ఒగసారి చూడు. నీకూ పొద్దుపోతాది,” అన్నాడాయన. పెళ్ళికి ముందు హోసూరులో ఒక చిన్న కంపెనీలో రెండేళ్ళు ఫోన్లకు ప్రోగ్రాములు రాశాను. ఆ సంగతి ఈ ఇంట్లో పెళ్ళిచూపులనాడు ఒకసారి, తర్వాత ఆరేళ్ళకు ఈ డాంగిల్ పుణ్యమా అని ఒకసారి గుర్తుకొచ్చింది.

చూశాను. నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు నేను మనిషినయ్యాను. ఆ డాంగిల్ ఎంత మాయలాడో చెప్పలేను. గుచ్చగానే నేను సీడీని అంటుంది. ఆ సీడీలో విండోస్ కోసం ఏవో ఫైళ్ళుంటాయి. విండోస్ దానికి ఏదో ఒక మాట పంపుతుంది, అప్పుడది సీడీ వేషం తీసేసి మోడెమ్‌గా లేస్తుంది. ఆ మాట ఏమిటో పెట్టె మీద రాసి ఉండదు, అడిగితే చెప్పే నాథుడూ లేడు. ఒక ఆదివారం సెంటర్ మూసి ఉన్నప్పుడు వెళ్ళి కూర్చుని, విండోస్ దానికి పంపేదంతా పట్టుకుని, వందల వరుసల్లోంచి ముప్పైయొక్క బైట్ల ఆ ఒక్క మాటను ఏరాను. రాగుల్లోంచి రాళ్ళు ఏరిన చేతులకు అదేమంత కష్టం కాదు. తర్వాత, అది మోడెమ్‌గా లేచాక టవర్‌ను వెతుక్కునేదాకా ఆగి, నంబరు తిప్పి, లైను తెగితే మళ్ళీ తిప్పే ప్రోగ్రాము రాశాను. ఆ సిస్టంలో చోటు బహు తక్కువ. కాబట్టి అంతా ఎనిమిది కేబీలో కుదించాను. చింతపండు డబ్బాలో పెన్ను, చీటీలు పెట్టుకుని సాంబారు మరుగుతుంటే లెక్కలు వేసేదాన్ని. డాంగిల్‌ను కొట్టం కప్పు మీద కర్రకు కట్టి, పొడుగాటి కేబులు కిందికి దించాను. తొందరపడి ముందే నంబరు తిప్పితే అది బిగుసుకుపోయేది, ఊడబీకి మళ్ళీ గుచ్చితేగాని కదిలేది కాదు. నిచ్చెన ఎన్నిసార్లు ఎక్కానో నా మోకాళ్ళకు తెలుసు.

మొదటిసారి అది దానంతటదే కలిసిన రోజు కొట్టంలో నేనూ, రెండావులూ తప్ప ఎవరూ లేరు. ఎవరికైనా చెప్పాలని గొంతుదాకా వచ్చింది. ఆయనకు ఫోను చేస్తే, “అట్లనా, సరి, సాయంత్రం పట్టుకొని వస్తే సెంటర్లో వేసేద్దాం,” అన్నాడు.

తప్పు నేను చేసిందే. దాన్ని ఆ సిస్టం చూసుకునేవాళ్ళకు పంపేటప్పుడు, ఫైలు పైన మొదటి వరుసలో రాసినవారి పేరు, ఈమెయిలు ఉండాలన్నది వాళ్ళ నియమం. నా పాత ఈమెయిలు ఉద్యోగంతోపాటే పోయింది. ఇంట్లో ఉన్నది ఆయనది. సిమ్ కార్డు ఆయన పేరునే ఉంది. కాని కారణం అది కాదు. రోజూ పాలు పిండేది నేను, క్యాను మోసేది నేను, సొసైటీలో కార్డు మీదున్న పేరు మా మామ వెంకటరామప్పది. “వెంకటరామప్ప” అని పిలుస్తారు, నేను క్యాను పట్టుకుని ముందుకు వెళతాను. ఆరేళ్ళుగా ఆ పేరుకు పలికి పలికి, రాసినవారి పేరు అని కనబడగానే నా వేళ్ళు ఇంటి మగవాడి పేరు కొట్టేశాయి. మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు. నోటితో చెప్పని పేరును నా పని నెత్తిన నేనే పెట్టి పంపించాను. రాజేంద్రన్.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఎక్కడో చలిదేశంలో ఉండే, ఆ సిస్టం చూసుకునేవాళ్ళ పెద్ద రాశాడు. మిస్టర్ రాజేంద్రన్, ఇంత శుభ్రమైన కోడ్ ఈమధ్య చూడలేదు, వచ్చే విడుదలలో చేరుస్తున్నాం, తోడ్పడినవారి జాబితాలో మీ పేరు వేస్తున్నాం అని. దాన్ని మొదట చదివింది నేనే. సంతోషంగా లేచి నిలబడ్డాను, నిలబడ్డాక ఎందుకు లేచానో తెలియలేదు. ఎవరో నా ఎదురుగా ఆయన భుజం తట్టినట్టుంది. ఆయన ముఖం చేటంతయింది. ఆ ఉత్తరం ప్రింటు తీసి సెంటర్లో గాజు తలుపుకు అంటించాడు. “రాసింది నేను గదా,” అని మెల్లగా అన్నాను. “ఎవరి పేరైతే ఏంది, ఇద్దరమూ ఒగటే గదా,” అన్నాడు. మంచి మాటే. ఇద్దరమూ ఒకటైనప్పుడు ఆ ఒకటి ఎప్పుడూ ఆయనే ఎందుకవుతాడో అడగాలనుకున్నాను. పాలు పొంగుతున్నాయని అత్త కేకేసింది.

ఆ జాబితా చూసే హోసూరు నుంచి ఆయనకు ఫోనొచ్చింది. అక్కడ రౌటర్లు తయారుచేసే ఒక కంపెనీకి డాంగిల్ పని తెలిసిన మనిషి కావాలి. శనివారం పదకొండింటికి వాళ్ళ ఇంజనీరు ఫోన్లో మాట్లాడతాడు, సరేననుకుంటే ఉద్యోగం. ఆయన అప్పటికే అంతా ఆలోచించి పెట్టాడు. “సెంటర్ మా తమ్ముడికి ఇచ్చేద్దాం. హోసూరులో ఇల్లు తీసుకుందాం. నేను ఆఫీసుకు పోయి ఏమి కావాలో కనుక్కొని వస్తాను, నువ్వు ఇంట్లోనే ఉండి రాసిస్తే చాలు. నీకు బస్సు తిరుగుడు లేదు, ప్రీతిని చూసుకున్నట్టూ ఉంటాది.” నాకు మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు. కోపం రావడానికి ఎదుటివాడు కాస్త చెడ్డవాడైనా అయి ఉండాలి. ఆయనలో ఆ సదుపాయం కూడా లేదు. ఇల్లు మారుతుంది, ఊరు మారుతుంది, వంటింటి పక్కన ఒక బల్ల వేస్తారు, నేను ముసలిదాన్నయ్యేదాకా ఆ బల్ల దగ్గర కూర్చుని రాజేంద్రన్‌నై రాస్తూ ఉంటాను. బయటికి వచ్చినప్పుడు సుమ్మా ఉన్నాను అంటారు.

శుక్రవారం సాయంత్రం పాలు పిండుతుంటే అత్త దూడను పట్టుకుని పక్కనే కూర్చుంది. నా ముఖంలో ఏం చూసిందో, అడక్కుండానే మొదలుపెట్టింది.

“మీ మామకు సొసైటీవాళ్ళు తుండు కప్పింది నీకు తెలుసునా? ఆ ఏడు మన పాలే ఫస్టు. ఆయప్పను స్టేజీ ఎక్కించి, తుండు కప్పి, పెద్ద స్టీలు బిందె ఇచ్చినారు. నేను ఆడోళ్ళ పక్క కూర్చోని చూసినాను. ముప్పై ఏండ్లు పిండినాను. నేనేమన్నా అడిగినానా?”

గిన్నె నిండితే పాలు క్యానులోకి వంచాను. మళ్ళీ పిండసాగాను.

“ఆయప్పను ఇవి దగ్గరికి కూడా రానియ్యవు. పొదుగు మీద చెయ్యి పెడితే తంతాయి,” అంది కాసేపటికి, దూడ మెడ నిమురుతూ.

అది నాకు చెప్పిన బుద్ధో, ముప్పై ఏళ్ళుగా మింగిన మాటో నాకు అర్థం కాలేదు. తలెత్తి చూస్తే ఆమె దూడను ఈడ్చుకుని లేచి వెళ్ళిపోతోంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె కోసమో నా కోసమో విడదీసి చెప్పలేను.

శనివారం మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కొట్టంలో స్టూలు మీద కూర్చున్నాడు. సిగ్నల్ అక్కడే కదా. బోర్లించిన పాలక్యాను మీద ఫోను పెట్టి స్పీకరు వేశాడు. నేను గడ్డిమోపు మీద, ఒళ్ళో ప్రీతి రఫ్ నోట్‌బుక్కుతో. ఆయన మాట్లాడాలి, నేను జవాబులు రాసి చూపించాలి. అత్త అవతలి చివర పేడ ఊడుస్తోంది.

ఇంజనీరు పేరు వేడియప్పన్. మాటలన్నీ తమిళంలోనే. మనిషి నిదానస్తుడు. ఏ డాంగిళ్ళతో పరీక్ష చేశారని అడిగాడు, ఆయన చెప్పాడు. ఇంత చిన్నగా ఎలా కుదిరిందని అడిగాడు, నేను రాశాను, ఆయన చదివాడు. మధ్యలో ఒక మాట దగ్గర తడబడి దగ్గాడు. మా పంతులమ్మలు చూచిరాతను పట్టుకునేది ఆ దగ్గును బట్టే. ఆయన చెమట తుడుచుకుంటుంటే జాలేసింది కూడా.

“ఇంకొకటి సార్,” అన్నాడు వేడియప్పన్. “డాంగిల్ మోడెమ్‌గా మారాక మీరు ఏడు సెకన్లు ఆగుతున్నారు. మా ల్యాబులో మూడు చాలింది. ఏడు ఎందుకు పెట్టారు?”

ఆయన నా వైపు చూశాడు. పెన్ను నోట్‌బుక్కు మీద పెట్టాను. వాళ్ళ ల్యాబు కిటికీలోంచి టవర్ కనబడుతుండవచ్చు. ఇక్కడ కనబడదు. మూడు సెకన్లకు తిప్పితే అది బిగుసుకుంటుంది, నాలుగుకూ, అయిదుకూ అంతే. ఒక్కో సెకను పెంచి చూడటానికి ఎన్ని పూటలు పట్టిందో, ఎన్ని సంగట్లు అడుగంటాయో నాకే తెలుసు. ఆరేళ్ళలో నా సొంతమని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఈ ఏడు. దాన్ని కాగితం మీద రాసి చేతికిస్తే ఆయన చదివేస్తాడు. అప్పుడు అది కూడా ఆయన నిచ్చెన ఎక్కి తెచ్చినదవుతుంది.

“రాయి,” అన్నాడు పెదవులతో.

పెన్ను మూత పెట్టాను.

ఆయన ఒక్క క్షణం చూసి, ఫోను వైపు వంగి నవ్వాడు. “మీకు మూడు చాలంటే మూడే పెట్టేద్దాం సార్. దానికేముంది. నేనే మార్చి ఈ రోజే పంపిస్తాను.”

“మార్చకూడదు,” అన్నాను.

గట్టిగా ఏమీ అనలేదు. కాని అవతల చీపురు చప్పుడు ఆగిపోయింది.

“ల్యాబులో మూడు చాలుతుంది సార్. మా ఊళ్ళలో సిగ్నల్ పలచన. టవర్ దొరకక ముందే నంబరు తిప్పితే డాంగిల్ బిగుసుకుపోతుంది, మళ్ళీ ఊడబీకి గుచ్చాలి. ఇక్కడ దాన్ని కప్పు మీద కట్టుకుంటాం. ఈ చుట్టుపక్కల పిక్కిలిలోనో, వెల్లిచందైలోనో ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎవరెక్కి ఊడబీకుతారు? ఒక్కో సెకను పెంచి చూశాను. ఆరుకు కూడా రెండుసార్లు బిగుసుకుంది. ఏడే ఉండాలి.”

ఆయన చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నొప్పి పెట్టలేదు. వదలలేదు కూడా.

ఫోను గరగరమంది. “ఎవరు మేడం మాట్లాడేది?” అన్నాడు వేడియప్పన్.

“దాన్ని రాసిన మనిషిని సార్.”

“మీ పేరు?”

చెప్పాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు.

“లైను బాగాలేదు మేడం, కొంచెం గట్టిగా చెప్పండి. రాసుకుంటాను.”

“తెన్మొళి,” అన్నాను, కొట్టం ఆ చివరిదాకా వినబడేంత గట్టిగా.