మేడ మీది మాస్టారు

వరదొస్తే ముందుగా ఎవరిని కాపాడాలో తేల్చమని మండలాఫీసువాళ్లు ఊరి ఆసుపత్రి నర్సమ్మ చేతిలో నలభై ప్రశ్నల కాగితం పెట్టారు. ఇల్లు ఎత్తులో ఉందా, మంచాన పడ్డవాళ్లున్నారా అంటూ ఒక్కో జవాబుకీ ఇన్నేసి మార్కులు. ఎంత ఎక్కువొస్తే అంత ముప్పు.

నది వైపు వీధిలో చివరి మేడ. కింద గదిలో ఉండే టైలరమ్మకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. ఆమెకు ముప్పై రెండు మార్కులొచ్చాయి. పైన రిటైరైన లెక్కల మాస్టారు. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. ఆయనకు తొమ్మిదే.

"తొమ్మిదా? మంచిదేగా. వెళ్లిరామ్మా," అంటూ మాస్టారు తలుపు వేయబోయారు.

నర్సమ్మ కదల్లేదు. బల్ల మీద ఇన్సులిన్ సిరంజీలు ఆమె కంటబడ్డాయి.

"మీరు కళ్లు తిరిగి పడిపోతే ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?"

మాస్టారు సిరంజీలను సొరుగులోకి తోసేశారు.

"కింద ఆవిడ ఉందిగా?" అంది నర్సమ్మ.

"ఆవిడతో మాటల్లేవు."

నాలుగేళ్ల కిందట ఆయన కుండీలకు పోసిన నీళ్లు కారి, టైలరమ్మ కుట్టి తగిలించిన పెళ్లిబట్టలు మట్టికొట్టుకుపోయాయి. నువ్వెంతంటే నువ్వెంతని ఇద్దరూ వీధికెక్కారు. అప్పట్నుంచీ ఎడమొహం పెడమొహం.

నర్సమ్మ కిందికి దిగి, నీళ్లొస్తే పైన ఖాళీ గది ఉంది కదా అని కదిపింది.

"ఆయన గుమ్మం తొక్కడం కంటే ఈత నేర్చుకోవడం నయం," అంది టైలరమ్మ, మిషను ఆపకుండానే.

వారం రోజులు మెట్లెక్కీ దిగీ నర్సమ్మ మోకాళ్లు అరిగాయి. చివరికి మాస్టారు తన ఇంటి రెండో తాళంచెవి తీసిచ్చారు.

"ఆవిడకివ్వు. నేనిచ్చానని చెప్పకు."

"మరి ఎవరిచ్చారని చెప్పమంటారు?"

మాస్టారు తలుపు వేసుకున్నారు.

నర్సమ్మ తాళంచెవితో పాటు ఒక మాట కూడా టైలరమ్మకు అప్పజెప్పింది. షుగరు పడిపోయి ఆయనకు చెమటలు పట్టి మాట తడబడితే పంచదార నీళ్లు తాగించాలి. ఆఫీసు కాగితంలో తొమ్మిది పక్కన, 'పలకరించే దిక్కు లేదు' అని రాసింది.

"దీనికి మార్కులెక్కడ వేయను?" అన్నాడు ఆఫీసరు.

"వేయకపోతే మానండి సార్. పడవ మాత్రం ముందు అక్కడికే పంపండి."

నెల తిరక్కుండానే నది పొంగింది. తెల్లారేసరికి కింద గదిలోకి నీళ్లొచ్చాయి. మాస్టారు ఆయాసపడుతూ మిషను పైభాగాన్ని మోసుకెళ్లారు. టైలరమ్మ ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ పైకి చేరింది. ఆ పగలంతా ఇద్దరూ చెరో గదిలో గడిపారు.

మర్నాడు మధ్యాహ్నం పక్క గదిలో గిన్నె పడిన చప్పుడైంది. టైలరమ్మ గోడ పట్టుకుని వెళ్లి చూస్తే మాస్టారి చొక్కా చెమటతో తడిసిపోయింది, మాట ముద్దగా వస్తోంది. పంచదార కలిపి కొద్దికొద్దిగా తాగించింది. పావుగంటకు ఆయన తేరుకున్నారు.

"తిండి తినకుండా ఇంజెక్షన్ ఎవరు తీసుకోమన్నారు?" అని అడిగింది. నాలుగేళ్ల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అదే.

"వండుకునే ఓపిక లేదమ్మా," అన్నారాయన నెమ్మదిగా.

సాయంత్రం మొదటి పడవలో నర్సమ్మ వచ్చి మాస్టారి వేలు గుచ్చి చూసింది. షుగరు ఫరవాలేదు. టైలరమ్మ పొయ్యి మీద గంజి కలుపుతోంది. నర్సమ్మ కొత్త మందులూ తాగేనీళ్లూ అక్కడ పెట్టి, గబగబా కిందికి దిగింది. ఎదుటి వీధిలో ఇంకా పదకొండు ఇళ్లు చూడాలి.