పదిహేడు మెట్లు

మంగళవారం, శుక్రవారం పొద్దున పదింటికి దెల్ఫీనా ముసలమ్మను కిందికి దించి, చేపల బజారు దాకా నడిపించి, మళ్ళీ పైకి చేర్చడం నీవెస్ పని. ఇటలీలోని జెనోవా ఊళ్ళో చదువు ముగించిన పిల్లలు కొందరు ఏడాదిపాటు ఇలా పౌరసేవ చేస్తారు. చివర్లో ఇచ్చే పత్రం ఉంటే మునిసిపాలిటీ ఉద్యోగం కాస్త సులువుగా దొరుకుతుంది. నీవెస్ కన్ను గ్రంథాలయంలో ఒక కుర్చీ మీద ఉంది.

ఆ ఊరి మెట్లకొక స్వభావం ఉంది. వస్తానన్నవాళ్ళు రాకపోతే, ఎదురుచూసే మనిషి ఇంటికి ఒక మెట్టు పెరుగుతుంది. రానిది తామేనని ఒప్పుకుంటే ఆ మెట్లు వాళ్ళ ఇంటికి మారతాయి. రేవు దగ్గర ఒక నావికుడి భార్య ఇంటికి మూడువందల పన్నెండు ఉండేవట. పాలవాడు సీసాలు కిందే పెట్టి పోతే, ఆవిడ తాడు కట్టిన బుట్టతో పైకి లాక్కునేది. ఆ తాడు పేనినవాడిదింకో కథ. అది ఇప్పుడొద్దు.

దెల్ఫీనా ఇంటికి అరవై ఒక్క మెట్లు. నీవెస్ చేరిన కొత్తలో అంతే. ఒక మంగళవారం వాన, ఒక శుక్రవారం బద్ధకం. అలా ఎగ్గొట్టడం మొదలైంది. బజారు మలుపులో కాఫీ కొట్లో కూర్చుని, ఫొకాచ్చా రొట్టె పాలకాఫీలో ముంచుకు తింటూ పన్నెండు దాకా గడిపేది. నెలాఖరున హాజరు కాగితంలో అన్ని రోజులకూ సంతకం పెట్టేసేది. పక్కన దెల్ఫీనా కూడా పెట్టాలి. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని వరసగా పెట్టేది. ఏదో ఒకటి తిట్టి ఉంటే నీవెస్‌కి ఆ రాత్రుళ్ళు నిద్ర పట్టేది.

"మళ్ళీ ఒకటి లేచింది," అనేవాడు ఉత్తరాలు పంచే ఎర్మెస్, రొప్పుతూ. "ఎవరమ్మా ఆ మహానుభావులు? దొరికితే నా సంచీ వాళ్ళ మెడకి తగిలిస్తా."

"ఏమో బాబాయ్," అనేది నీవెస్, నేల చూస్తూ.

మే నెలకి డెబ్బై ఎనిమిదయ్యాయి. పౌరసేవ పిల్లల్నీ, ఒంటరి వృద్ధుల్నీ చూసుకునే ఓర్నెల్లా వచ్చి లెక్కపెట్టింది. డెబ్బై దాటితే ఒంటరివాళ్ళను కొండమీది ఆశ్రమానికి పంపేస్తారు.

"కాగితంలో ఈ పిల్ల ప్రతిసారీ వచ్చినట్టే ఉంది. మరి ఈ పదిహేడు ఎవరివి, దెల్ఫీనా గారూ?"

"మా మేనకోడలివి. తురీనోలో ఉంటుంది. వస్తానంటుంది, రాదు."

ఆవిడకు మేనకోడలే లేదని నీవెస్‌కి తెలుసు.

"సోమవారం బండి వస్తుంది. రెండు పెట్టెలే సర్దుకోండి."

దెల్ఫీనా గదంతా ఒకసారి చూసుకుంది. "రెండా," అంది. "ఒకటి చాల్లే."

నీవెస్ ముందుకొచ్చింది. "నావి," అంది. "పదిహేడూ నావే. ఆ సంతకాలు దొంగవి."

"నోర్ముయ్యవే పిచ్చిదానా. ఇంకో పది రోజుల్లో నీ ఏడాది అయిపోతుంటే," అంది దెల్ఫీనా.

ఓర్నెల్లా కలం తీసింది. "పత్రం రాదు. తెలుసుగా?"

"తెలుసండీ."

"గ్రంథాలయం సంగతి కూడా మర్చిపోవాలి."

నీవెస్ తలూపింది. ఓర్నెల్లా పదిహేడు సంతకాలూ ఒక్కొక్కటే కొట్టేసి, కింద నీవెస్ పేరు రాసుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రానికి దెల్ఫీనా ఇంటికి అరవై ఒక్క మెట్లే ఉన్నాయి. బండి రానక్కర్లేదన్నారు. నీవెస్ వాళ్ళ ఇల్లు వీధి మట్టానికే ఉండేది. వచ్చి చూస్తే తలుపు పైకెక్కి కూర్చుంది. లాండ్రీలో పొద్దంతా నిలబడి వచ్చిన తల్లి, సంచీతో కింద ఆగింది.

"ఎన్ని?"

"పదిహేడమ్మా."

తల్లి సంచీ భుజానికెత్తుకుంది. మోకాలి మీద చెయ్యి వేసుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

శుక్రవారం పదకొండున్నరకి ఎవరో తలుపు తట్టారు. దెల్ఫీనా. ఒక్కతే కమ్మీ పట్టుకుని దిగి, బజారు దాటి, ఈ పదిహేడూ ఎక్కి వచ్చింది. గుమ్మం పట్టుకుని రొప్పింది.

"రాలేదేం?"

"నన్ను తీసేశారు కదా మామ్మా."

"వాళ్ళు తీశారు. నేను తీశానా? చెయ్యి ఇలా ఇవ్వు, చేపలు అయిపోతాయి."

దిగేటప్పుడు ముసలామె ప్రతి మెట్టు మీదా ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆగినప్పుడల్లా నీవెస్ కూడా ఆగింది, తల ఎత్తకుండా.