బెత్తెడు దిగే దారి

నాకు పామంటే భయం లేదు, దొంగంటే భయం లేదు. కుర్చీ అంటే భయం. బల్లంటే భయం. మంచమంటే మరీ భయం. పశువుల డాక్టరమ్మ ఆ మాట అన్న రోజు నుంచీ ఇదే వరస.

"వెన్నులో రెండు పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ పక్కకి జరిగిందమ్మా. మందులతో, విశ్రాంతితో ఇప్పటికి గండం గడిచింది. ఇంకొక్కసారి ఎత్తు మీంచి దూకిందంటే వెనక కాళ్ళు పడిపోవచ్చు. మళ్ళీ లేస్తాయని నేను మాటివ్వలేను" అందావిడ.

మా కుక్క కాళ్ళు బెత్తెడు, ఒళ్ళు బారెడు. అందుకే మా ఆయన దానికి బెత్తెడు అని పేరు పెట్టాడు. ఆయన చెక్క సామాన్లకి పాలిష్ పెడతాడు. పని ఇంట్లోనే. అంటే మా ముందుగది నిండా ఎప్పుడూ ఊళ్ళో వాళ్ళ సామానే. ఒక వారం ఎవరిదో దివాన్, ఇంకో వారం ఎవరివో బల్లలూ కుర్చీలూ. వేరే వాళ్ళయితే మంచం కాళ్ళు కోసి పొట్టివి చేసుకుంటారు. పరాయి వాళ్ళ మంచాల కాళ్ళు మేమెలా కోస్తాం?

బెత్తెడికి మాత్రం అదంతా తన రాజ్యం. ఆ రోజు ఎవరిదో ఎత్తు మంచం మీద పడుకుని ఉంది. సందు మొదట్లో మా ఆయన బండి చప్పుడు వినపడగానే, ఎప్పటిలాగే, గాల్లోకి ఎగిరింది. నేల మీద పడ్డాక ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. లేవబోతే వెనక కాళ్ళు రెండూ తాగినవాడి కాళ్ళలా తేలిపోయాయి.

అప్పటి నుంచి జాగ్రత్తలే జాగ్రత్తలు. కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి బోర్లించాం. మా పరుపు నేల మీదకి దిగింది. మా ఆయన సందు మొదట్లోనే బండి ఆపేసి ఇంటిదాకా తోసుకుంటూ వస్తున్నాడు. పెట్రోలు అయిపోయిందా అని ఇరుగుపొరుగు వాళ్ళు అడిగి అడిగి విసిగిపోయారు. ఆయన అక్కగారు, మా వదిన, ఫోన్లో నన్ను దెప్పింది కూడా.

"మా తమ్ముడికి జ్వరమొస్తే కూడా నువ్వింత హడావుడి చెయ్యలేదే."

"మీ తమ్ముడు మంచాల మీంచి దూకడు కదొదినా" అన్నాను.

నవ్వుతూనే అన్నాను గానీ, నిజానికి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని బతుకుతున్నాను. స్నానానికి వెళ్ళినా తలుపు ఓరగా తెరిచే ఉంచేదాన్ని. ఎక్కడ ఏది ధబ్బున పడినా నా పై ప్రాణాలు పైనే పోయేవి. గిన్నె జారినా కుక్కే అనుకునేదాన్ని.

ఒక్క సోఫా దగ్గర మాత్రం ఓడిపోయాం. అది మా సొంతం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు, ఊళ్ళో వాళ్ళ సామానంతా అద్దాల్లా మెరిపించే మనిషి మా సోఫా కర్రకి ఒక్క పూత వేసిన పాపాన పోలేదు. అది కిటికీ పక్కన ఉంటుంది. దాని మీద కూర్చుని వీధి చూడకపోతే బెత్తెడికి ముద్ద దిగదు. లోపలి గదిలో ఉంచితే గోడకి తల ఆనించి ఏడ్చేది.

"ఎక్కడానికీ దిగడానికీ ఒక ఏటవాలు చెక్క చేస్తే సరి" అన్నాడు మా ఆయన.

చేశాడు. మంచి టేకు పలక, అంచులకి సన్నటి గట్లు, వాలు కూడా బాగా తక్కువ. అక్కడితో ఆపితే ఆయన మా ఆయన ఎందుకవుతాడు? పచ్చి చెక్క కనపడితే ఆయన చేతులు ఊరుకోవు. ఉప్పుకాగితంతో రుద్ది, లక్క పూత మీద పూత వేసి, దూది ముద్దతో తిప్పి తిప్పి, చివరికి అందులో చూసుకుని నేను తల దువ్వుకునేలా తయారుచేశాడు. తన పాలిష్ మీద వేలిముద్ర పడితే ఆయనకి ఒళ్ళు మండుతుంది. కట్టుకున్న పెళ్ళాన్నైనా వదలడు. "చెయ్యి తియ్యి" అన్నాడు ఆ రోజు కూడా. తీశాను. చూస్తుంటే నాకూ గర్వంగానే ఉంది. ఇద్దరిలో ఒక్కరికీ బుర్ర పనిచెయ్యలేదు.

బెత్తెడిని సోఫా మీద కూర్చోబెట్టి, ఆయన కింద గొంతుక్కూర్చుని పిలిచాడు. "రా నాన్నా, రా."

అది రెండడుగులు వేసింది. ముందు కాళ్ళు జారాయి. తర్వాత నాలుగూ నాలుగు వైపులకి పోయాయి. ఒళ్ళంతా పక్కకి తిరిగి, గట్టు దాటి, నడుము నేలకి తగిలేలా పడింది.

అరవలేదు. అరవకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆయన గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు.

"నువ్వే చూడు. నేను చూడలేను" అన్నాడు.

డాక్టరమ్మ నాకొక పరీక్ష నేర్పింది. వెనక పాదాన్ని మడిచి, దాని పైభాగం నేలకి ఆనేలా పెట్టాలి. నరాలు బాగుంటే కుక్క వెంటనే తిప్పేసుకుంటుంది. లేకపోతే పాదం అలాగే ఉండిపోతుంది. పోయినసారి అలాగే ఉండిపోయింది.

పొట్ట కింద చెయ్యి ఆనించి నెమ్మదిగా నిలబెట్టాను. ఎడమ పాదం మడిచాను. తిప్పుకుంది. కుడి పాదం మడిచాను. అలాగే ఉంది.

"ఏమైంది?" అన్నాడాయన, గోడ వైపే చూస్తూ.

ఆ చిన్న పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇంక తిరగదనుకున్నాక, బద్ధకంగా నిద్ర లేచినట్టు, అది కూడా తిరిగింది.

ఈసారికి బతికిపోయిందంది డాక్టరమ్మ. ఏం జరిగిందో విని, "దాని పాదాలకి పట్టు కావాలి. గరుకుగా ఉండాలి గానీ అద్దంలా ఉంటే ఎలా?" అంది.

ఇంటికొచ్చాక నేను నోరు విప్పాను. కోపం వస్తే నాకు వెనకా ముందూ కనపడదు. "మీ మెరుగులు తగలెయ్య. దాని నడుం విరిగాక ఆ చెక్కలో మొహం చూసుకుంటూ కూర్చుందురు గాని" అన్నాను. ఆయన బాగా ముతక ఉప్పుకాగితం తీసుకుని, తన పూతల మీదే అడ్డంగా రుద్దడం మొదలుపెట్టాడు. చెక్క చారలకి అడ్డంగా రుద్దేవాణ్ణి ఆయన అసలు పనివాడిగానే లెక్కవెయ్యడు. ఆ చప్పుడు భరించలేక నేను వంటింట్లోకి పోయాను.

చెక్క గరుకైతే అయింది గానీ, ఇప్పుడు భయం బెత్తెడికి పట్టుకుంది. చెక్క దగ్గరికి తీసుకెళితే చాలు, వణికేది. నేనే ఎత్తి ఎక్కించడం, నేనే దించడం.

"ఎన్నాళ్ళిలా? నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు దూకితే?" అన్నాడాయన ఒక రోజు. "రేపు బండి ఆపకుండా ఇంటిదాకా వస్తాను. నువ్వు సోఫా పక్కన చేతులు చాపుకుని కూర్చో. దూకబోతే పట్టుకో. అది ఏ దారిన దిగుతుందో చూస్తే గాని మనకి నిద్ర పట్టదు."

మర్నాడు ఎవరిదో స్టూలు ఇచ్చిరావడానికి బయల్దేరుతూ, చెక్క మీద చెయ్యి తిరగేసి రాసి చూశాడు. "ఇంకా నున్నగానే ఉంది" అని మళ్ళీ ఒకసారి రుద్ది పోయాడు. పొడంతా చెక్క మీదే ఉండిపోయింది. ఊడ్చేదాన్నే, కానీ చీపురు కనపడితే బెత్తెడు ఆటనుకుని దాని మీదికి ఎగురుతుంది. వద్దులే అనుకుని, బెత్తెడిని కిటికీ దగ్గర సోఫా మీద కూర్చోబెట్టి, నేను కింద చేతులు చాపుకుని కూర్చున్నాను.

ఆయన వస్తానన్న వేళ దాటిపోయింది. నా చేతులు లాగేస్తున్నాయి. వీధిలో ఏ బండి చప్పుడైనా గుండె గుభేలుమంటోంది. బెత్తెడి చెవులు లేచినప్పుడల్లా నా ఊపిరి ఆగిపోతోంది. పట్టుకోగలనా? పట్టు జారితే? నా చేతుల్లోనే దాని నడుం విరిగితే? ఏడుపొచ్చేసింది.

అప్పుడు గేటు కిర్రుమంది. బండి చప్పుడు లేదు.

కిటికీలోంచి చూద్దును గదా, చెమటలు కక్కుతూ బండి తోసుకుంటూ లోపలికి వస్తున్నాడు మనిషి. ఒళ్ళు మండిపోయింది. విసురుగా లేచి గుమ్మంలోకి వెళ్ళాను.

"బండి ఆపకుండా వస్తానన్నది ఎవరు? ఎంతసేపట్నుంచి చేతులు చాపుకుని చచ్చిపోతున్నానో తెలుసా?"

"సందు మొదట్లో ఆగాను. స్టార్ట్ చేశాను, ఆపాను. మళ్ళీ చేశాను, మళ్ళీ ఆపాను. భయమేసిందే."

"మీకొక్కరికేనా భయం? నాకు లేదా?"

"నీకు కనీసం అది కళ్ళ ముందుంది. నాకు అక్కణ్ణుంచి ఏం తెలుస్తుంది? నా బండి చప్పుడుకే అది మళ్ళీ..." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూడలేదు.

తల దించుకున్నాను. ఆయన పాదాల దగ్గర బెత్తెడు కూర్చుని తోక ఊపుతోంది.

ఇద్దరం కొయ్యబారిపోయాం. ఎప్పుడు దిగింది? ఎలా దిగింది? దూకిందా? అక్కడే కూలబడి దాని వెనక పాదం మడిచాను. తిప్పుకుంది. రెండోది మడిచాను. తిప్పుకుంది. నమ్మకం చాలక మళ్ళీ మొదటిది మడిచాను. అది విసుక్కుని కాలు లాక్కుంది.

"ఒకసారిలా రా" అన్నాడాయన లోపల్నించి.

కుక్కని ఎత్తుకుని వెళ్ళాను. ఏటవాలు చెక్క మీద పేరుకున్న పొడిలో, పైనుంచి కిందిదాకా, చిన్న చిన్న అడుగులు. గోళ్ళ గుర్తులతో సహా తేటగా ఉన్నాయి. ఒక్కటీ జారలేదు. మధ్యలో ఒకచోట మాత్రం నాలుగూ దగ్గర దగ్గరగా పడ్డాయి. అక్కడ భయపడి ఆగినట్టుంది. ఆగి, మళ్ళీ నడిచింది.

అలవాటుకొద్దీ తుడవడానికి గుడ్డ అందుకున్నాను. వేలిముద్ర పడితే ఒళ్ళు మండే మనిషి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ" అన్నాడు.