జాబితాలో పదిహేడో పేరు

మూడో గాజు పలక కూడా భళ్ళున పగిలింది.

పలకను సుతారంగా ఎత్తాల్సిన యంత్రపు చెయ్యి సుత్తిలా దిగింది. ముక్కలు వసుమతి చెప్పుల దాకా ఎగిరొచ్చాయి. ఆ యంత్రాన్ని చూడ్డానికి శాంటా క్లారా దాకా వచ్చిన కస్టమర్లు అప్పటికే రిసెప్షన్‌లో కాఫీ తాగుతున్నారు.

"డెమోకి నలభై నిమిషాలే ఉంది" అన్నాడు యజమాని ఉమామహేశ్వరరావు. "ప్రోగ్రాం అంతా కలిపి ఫైనల్ బిల్డ్ నువ్వే కదమ్మా చేసింది? ఇది పోతే నీ గ్రీన్‌కార్డ్ పేపర్స్ మీద నేను సైన్ చెయ్యను. జాబ్ కూడా ఉండదు."

"కోడ్ నిన్న అందరం చదివాం సార్. తప్పు లేదు."

"అయితే దయ్యం పట్టిందేమో! నిమ్మకాయలు కడదామా మేడమ్?" తోటి ఇంజనీరు శ్యామ్‌సుందర్ పకపకా నవ్వాడు. ఇంకో ఇంజనీరు గోపాల్ మాత్రం చీపురు తెచ్చి, "కాలు తియ్యక్కా, గుచ్చుకుంటుంది" అంటూ ముక్కలు ఊడ్చాడు.

మార్చిలోనూ ఇలాగే జరిగింది. అప్పుడు ఇదే టీమ్‌లో ఉన్న నళిని బలైంది, ఉద్యోగం పోయింది. ఆమె కుర్చీ శ్యామ్‌సుందర్‌కీ, ఆమె ప్రాజెక్టు గోపాల్‌కీ దక్కాయి. నళినిని ఇండియా విమానం ఎక్కించిన రోజే వసుమతి ఒట్టు పెట్టుకుంది. ఇది ఎవరో కావాలని చేసిందే, ఆ చేసినవాడు దొరికితే నలుగురి ముందూ నిలబెట్టి పరువు తీయాలి.

ఆమె కీబోర్డు ముందు కూర్చుంది. ప్రోగ్రాం నలభై ముక్కలు. వాటిని కలిపి కుట్టేది లింకర్. అన్ని పేర్లు ఒక్క ఆజ్ఞలో పట్టవు కనుక ఒక ఫైల్‌లో వరసగా రాసి, ఆ ఫైల్ పేరును లింకర్‌కి అందిస్తారు. దాన్నే రెస్పాన్స్ ఫైల్ అంటారు. కోడ్‌ను పదిమందీ చదువుతారు, ఈ జాబితాను మాత్రం ఎవరూ చదవరు.

వసుమతి చదివింది. పదిహేడో పేరు దగ్గర వేలు ఆగింది. కొత్త మోటార్ ముక్క ఉండాల్సిన చోట, ఏడాది క్రితం పక్కన పడేసిన పాత ముక్క పేరు!

పేరు సరిచేసి మళ్ళీ లింక్ చేసింది. యంత్రపు చెయ్యి పసిబిడ్డను ఎత్తినట్టు పలకను ఎత్తింది.

"హమ్మయ్య!" రావు లేచాడు. "వాళ్ళని పిలుస్తాను."

"ఒక్క నిమిషం సార్." ఉద్యోగం దక్కింది, కడుపు మంట చల్లారలేదు. "సరిచేసే ముందు ఆ ఫైల్ తేదీ రాసుకున్నాను. 1980 జనవరి ఒకటి."

"ఇప్పుడు ఎనభై ఆరు కదా?"

"మెషీన్ ఆన్ చేయగానే తేదీ అడుగుతుంది. చెప్పకుండా ఎంటర్ కొడితే, ఎనభై జనవరి ఒకటే అనుకుంటుంది. అందులో రాసిన ఫైల్‌ని వేరే మెషీన్‌లోకి కాపీ చేసినా ఆ తేదీ చెరగదు. నళిని డిస్క్ దాచాను సార్. అందులో రెస్పాన్స్ ఫైల్‌కీ ఇదే తేదీ."

"అక్కా, పాత గొడవలు ఇప్పుడెందుకు? టైమ్ లేదు" అన్నాడు గోపాల్.

"నాది కాదు బాబోయ్!" శ్యామ్‌సుందర్ నవ్వు ఎగిరిపోయింది. "నా మెషీన్‌లో క్లాక్ కార్డ్ ఉంది. సరైన తేదీ దానంతటదే వేసుకుంటుంది!"

"అందరికీ ఉంది" అంది వసుమతి. "జనవరిలో కార్డులు పంచినప్పుడు, 'నాకెందుకు, పాతదే చాలు' అన్నది ఒక్కడే."

"ఎవడు వాడు?" రావు గొంతు గది దాటి వినిపించింది.

వసుమతి తలుపు బార్లా తెరిచింది. రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్ళు కప్పులు దించి ఇటే చూశారు. నళినికి జరిగినట్టే జరగాలి, అందరూ చూస్తుండగా.

"నళినిని ఎయిర్‌పోర్ట్‌కి తన కార్‌లో దింపి, కళ్ళు తుడుచుకున్న పెద్దమనిషి సార్" అంది గట్టిగా. "గోపాల్!"