ఎక్స్‌రే అద్దానికి ఎర్రరంగు

నరసరావుపేటలో అద్దాల ఖాజా మొహిద్దీన్ అంటే తెలియనివాళ్ళు లేరు. మంగలి షాపుల్లో, బట్టల కొట్లలో జనం మొహాలు చూసుకుని మురిసిపోయేది ఆయన చేసిన అద్దాల్లోనే. అంతటివాడు రెండేళ్ళపాటు జానెడు గాజుముక్క పట్టుకుని కూర్చున్నాడంటే, దానికి కారణం కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ దానియేలు.

దానియేలు శిష్యుడొకడు ఉత్తరాదిన ఒక లేబరేటరీలో ఎక్స్‌రే లేజర్ పనిలో ఉన్నాడు. ఆ కిరణాన్నంతా ఒక్క చుక్క మీదికి తేవడానికి వాళ్ళకు అద్దం కావాలి. మామూలు అద్దాన్ని ఎక్స్‌రే లెక్కచేయదు, దూరి అవతలికి పోతుంది. నీళ్ళ మీద పెంకు ఏటవాలుగా విసిరితే కప్పగంతులు వేస్తుంది చూడండి, అలా గాజును రాసుకుంటూ పోతేనే మళ్ళుతుంది. ఆ గాజు మీద కంటికి కనబడని గరుకు కూడా ఉండకూడదు. విదేశాల నుంచి తెప్పించే దారి లేక వాళ్ళు తల పట్టుకుంటే, మా ఊళ్ళో ఒకాయన చేస్తాడని దానియేలు మాటిచ్చేశాడు.

ఆ మాట నిలబెట్టడమే మొహిద్దీన్‌కు లోకమైపోయింది. పసుప్పచ్చ దీపం కింద గాజు మీద గాజు పెడితే, అరగదీసింది ఎంత సరిగా వచ్చిందో చెప్పే చారలు కనిపిస్తాయి. అవి లెక్క ప్రకారం వచ్చేదాకా అరగదీశాడు. ఈలోగా కళ్ళకు నీటికాసులొచ్చాయి. పోయిన చూపు ఇక తిరిగిరాదని గుంటూరు డాక్టరు తేల్చేశాడు. ఆ సంగతి దానియేలుకు చెప్పలేదు. తన జన్మకు ఇదొక్కటి చాలనుకున్నాడు.

1987 మార్చిలో పని పూర్తయింది. దానియేలు వచ్చి చారలు చూసి, ఆయన చేతులు కళ్ళకద్దుకుని, వారంలో వచ్చి తీసుకెళ్తానన్నాడు.

ఆ వారమే కొంప ముంచింది. వాళ్ళ నాన్న కాలం నుంచీ పూత లేని అద్దం ఆ కొట్టు గడప దాటలేదు. సగం పని చేసి పంపారని ఉత్తరాదివాళ్ళు నవ్వరూ? మెరుగుపొడితో బాగా రుద్ది, వెండి పూత వేసి, అది చెదరకుండా పైన ఎర్రరంగు పూశాడు పిచ్చి మారాజు.

చెప్పిన రోజుకు వచ్చిన దానియేలు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ వైపు పూశావు మామా?"

"నున్నగా చేసిన వైపే. ఎప్పుడన్నా అటే గదా పూసేది."

"పూసేముందు రుద్దావా?"

"రుద్దకపోతే వెండి పట్టదు గదండీ. ఏందండీ మేష్టారూ, అట్టా అయిపోయారు? దాచమాకండి."

దానియేలు చెప్పాడు. కిరణం తగలాల్సింది పూత లేని ఆ వట్టి గాజుకేనని, రంగు కడిగినా పొడి పెట్టిన గీతలు పోవని, ముందే చెప్పకపోవడం తన తప్పేనని. "మళ్ళీ చేద్దాం మామా. ఇంకో ఏడాది ఆగమని అడుగుతా."

మొహిద్దీన్ తల అడ్డంగా ఊపాడు.

"చారలు కనపడటంలా మేష్టారూ. ఆర్నెల్ల నుంచి వేళ్ళతోనే చేసుకొచ్చా. ఇంక చానా కష్టం."

దానియేలు వంగి ఆయన కళ్ళలోకి చూశాడు.

"వాళ్ళకేం రాస్తారు?" అనడిగాడు మొహిద్దీన్.

దానియేలు అద్దాన్ని జేబురుమాల్లో చుట్టసాగాడు.

"చేసినోడికి కళ్ళు పోయినయ్యని రాయండి. చేతగాలేదని మాత్రం రాయమాకండి."